ఒంటెల ల్యాబ్ రిపోర్టులో ‘యాంటీబాడీ పాజిటివ్, పీసీఆర్ నెగెటివ్’ అని వస్తే ఏమని అర్థం?

ముందు మీరు అడిగింది క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకు అర్థం కావాలి కదా. మీరు కోరుట్ల వెటర్నరీ కాలేజీలో చదువుతున్నారు. మీ బావగారు సౌదీలో అల్ ఖసీం ప్రాంతంలో, బురైదా దగ్గర ఒక మజ్రాలో (పశువుల ఫారంలో) ఒంటెలు చూసుకుంటున్నారు. అక్కడ కొన్ని పెద్ద ఒంటెలకు ముక్కు కారుతోంది, రెండు మూడు ఒంటె పిల్లలకు మూతి చుట్టూ పుండ్లు, పొక్కులు. డాక్టర్ వచ్చి పెద్ద ఒంటెల రక్తం, ముక్కు స్వాబ్‌లు తీసుకెళ్లారు. రిపోర్టులో మెర్స్ (ఒంటెల నుంచి మనుషులకు సోకగల ఒక కరోనావైరస్) యాంటీబాడీ దాదాపు అన్నింటికీ పాజిటివ్, పీసీఆర్ అన్నింటికీ నెగెటివ్. పిల్లల సంగతికి వస్తే ‘పాక్స్ (మశూచి లాంటి పొక్కుల జబ్బు) అనుమానం’ అని ఒక్క ముక్క రాశారు. ఆ కాగితం ఫొటో వాట్సాప్‌లో రాగానే ఇంట్లో అందరికీ టెన్షన్. ఈ రెండు ఫలితాలు ఒకదానికొకటి విరుద్ధం కాదా, బావగారికి ప్రమాదం ఉందా, అసలు ఒంటెల్లో అంటువ్యాధి వైరస్‌లను ల్యాబులో ఎలా పట్టుకుంటారు అని అడిగారు.

నేను పశువుల వైరాలజీ ల్యాబుల్లోనే ఉద్యోగం చేశాను, అందులో కొన్నేళ్లు గల్ఫ్‌లో. ఒంటెల శాంపిళ్లు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి మాట: ఆ రెండు ఫలితాలకూ వైరుధ్యం లేదు. ఆ ప్రాంతంలో పెద్ద ఒంటెల మందకు టెస్టు చేస్తే చాలాసార్లు ఇలాగే వస్తుంది. యాంటీబాడీ పాజిటివ్ అంటే ఆ ఒంటె జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఆ వైరస్‌ను చూసింది. మన పెద్దవాళ్ల భుజం మీద మశూచి టీకా మచ్చ లాంటిదది. ఎప్పటిదో చెప్పదు, ఇప్పుడు జబ్బు ఉందనీ చెప్పదు. పీసీఆర్ వైరస్ జన్యు పదార్థాన్నే వెతికే పరీక్ష. అది నెగెటివ్ అంటే స్వాబ్ తీసిన రోజు, స్వాబ్ తీసిన ముక్కులో వైరస్ ఆనవాలు దొరకలేదు. అంతకు మించి అందులోంచి ఏమీ లాగకూడదు.

మెర్స్ వైరస్ మనుషుల్లో బయటపడింది 2012లో, జెడ్డాలోని ఒక రోగిలో. 2013లో ఒమాన్ ఒంటెల సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, యాంటీబాడీలు ఉండేది అందులోనే) పరీక్షిస్తే చూసిన 50కి 50 పాజిటివ్ వచ్చాయి. అక్కడితో ఆగలేదు. ఎప్పుడో తీసి ఫ్రీజర్లలో దాచిన పాత సీరం శాంపిళ్లు బయటికి తీసి చూస్తే సౌదీలో 1992 నాటి వాటిలో, సొమాలియా, సూడాన్ ఒంటెలవైతే 1983 నాటి వాటిలో కూడా యాంటీబాడీలు కనిపించాయి. అంటే మనుషుల్లో దాన్ని గుర్తించడానికి దాదాపు 30 ఏళ్ల ముందు నుంచే ఈ వైరస్ ఒంటెల్లో తిరుగుతోంది. అరేబియాలోనూ తూర్పు ఆఫ్రికాలోనూ పెద్ద ఒంటెల్లో నూటికి 90 పాజిటివ్ రావడం మామూలే. కాబట్టి మీ బావగారి మజ్రాలో పెద్దవాటికి యాంటీబాడీ పాజిటివ్ అనే వార్తలో కొత్త సంగతి ఏమీ లేదు. దాని కోసం నిద్ర పాడుచేసుకోకండి.

నాకు ఆ రిపోర్టులో లోటుగా కనిపించింది వేరే. స్వాబ్‌లు పెద్ద ఒంటెలకు తీశారు. వైరస్ ఎక్కువగా దొరికేది రెండేళ్లలోపు ఒంటె పిల్లల్లో. పుట్టగానే తాగిన ముర్రుపాల ద్వారా తల్లి యాంటీబాడీలు వస్తాయి. ఐదారు నెలలకు అవి తగ్గిపోతాయి. ఆ తర్వాత మొదటిసారి వైరస్ సోకినప్పుడు ముక్కులోంచి బాగా విడుదల చేసేది ఆ పిల్లలే. పెద్దవాటికి యాంటీబాడీలు ఉన్నా మళ్లీ సోకవచ్చు, కానీ విడుదలయ్యే వైరస్ తక్కువ, ఆ రోజులూ తక్కువ. ప్రయోగం కోసం వైరస్ ఎక్కించిన ఒంటెల్లో బతికున్న వైరస్ ముక్కులో సుమారు వారం పాటు దొరికింది, దాని ఆర్ఎన్ఏ (జన్యు పదార్థం) ముక్కలు మాత్రం ఆ తర్వాత కూడా కొన్ని వారాలు పీసీఆర్‌లో కనిపిస్తూ వచ్చాయి. ఈ ఒక్క విషయం గుర్తుంటే రిపోర్టు రెండు వైపుల నుంచీ చదవడం వస్తుంది. నెగెటివ్ వస్తే మనం ఆ వారాలన్నీ దాటిపోయాక వెళ్లామేమో అని అనుమానించాలి. చాలా బలహీనంగా, అంటే సీటీ విలువ (వైరస్ కనపడటానికి పట్టిన పీసీఆర్ చుట్ల సంఖ్య, అది పెరిగేకొద్దీ వైరస్ తక్కువని అర్థం) 35కు పైన పాజిటివ్ వస్తే, అది ఆరిపోతున్న ఇన్‌ఫెక్షన్ తాలూకు మిగులు కావచ్చు. ఆ ఒంటె ఇప్పటికీ అంటిస్తోందని దాన్ని బట్టి తేల్చలేం.

పీసీఆర్‌లో మెర్స్‌ను ఒక్క జన్యు భాగంతో తేల్చరు. మొదట ‘అప్-ఇ’ అనే భాగాన్ని వెతుకుతారు, చాలా సున్నితమైన పరీక్ష అది. అందులో పాజిటివ్ వస్తే ‘ఓఆర్ఎఫ్ 1ఎ’ లాంటి రెండో భాగంతో నిర్ధారిస్తారు. రెండూ వస్తేనే పాజిటివ్. ఒకటే వస్తే సీక్వెన్సింగ్ (జన్యు అక్షరాలు చదవడం) చేసి చూడాలి, లేదా మళ్లీ శాంపిల్ తీయాలి. రిపోర్టులో ఏ భాగాలకు చేశారో రాయకపోతే అడగండి. మంచి ల్యాబ్ ఏదీ ఆ ప్రశ్నకు నొచ్చుకోదు.

యాంటీబాడీ టెస్టులో ఒంటెకు మాత్రమే ఉన్న ఒక చిక్కు ఉంది. ఇది పశువైద్య విద్యార్థిగా మీకు పనికొస్తుంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. మన ఆవుకు, గొర్రెకు, మనిషికి యాంటీబాడీ అంటే రెండు భారీ గొలుసులు, రెండు తేలిక గొలుసులు. 1993లో బెల్జియంలో రేమండ్ హామర్స్ బృందం ఒంటె రక్తంలో తేలిక గొలుసులే లేని యాంటీబాడీలు ఉన్నాయని కనిపెట్టింది. ఒంటె ఐజీజీలో (రక్తంలోని ప్రధాన రకం యాంటీబాడీల్లో) అవి చిన్న వాటా కాదు, గణనీయమైన భాగం. ఇప్పుడు యాంటీబాడీలను వెతికే ఎలైసా పరీక్ష ఎలా పనిచేస్తుందో చూడండి. ప్లేటు మీద వైరస్ ప్రోటీన్ ఉంటుంది, దానికి ఒంటె యాంటీబాడీ అతుక్కుంటుంది, దాన్ని గుర్తించడానికి పైనుంచి రంగు తెప్పించే కాంజుగేట్ వేస్తాం. ఆవులకు తయారుచేసిన కిట్‌లోని కాంజుగేట్‌ను ఒంటె సీరం మీద వేస్తే సగం సగమే పట్టుకుంటుంది, లేదా అసలు పట్టుకోదు. ఒంటెకు జబ్బు వచ్చిపోయినా ప్లేటులో రంగు రాదు. అందుకే ఒంటెల కోసం తయారుచేసిన కాంజుగేట్ వాడాలి, లేదా యాంటీబాడీలకు అతుక్కునే ప్రోటీన్ ఎ, ప్రోటీన్ జి లాంటివి వాడాలి. ఇవేవీ అక్కర్లేని దారి ఇంకొకటి ఉంది, కాంపిటిటివ్ ఎలైసా. అందులో శాంపిల్‌లోని యాంటీబాడీ మనం వేసిన తెలిసిన యాంటీబాడీతో పోటీ పడుతుంది, కాబట్టి ఏ జంతువు సీరం అన్నది పట్టింపు లేదు. చాలా జంతువులకు పనికొచ్చే కిట్‌లు ఈ పద్ధతిలోనే ఉంటాయి. కిట్ డబ్బా మీద ‘రుమినెంట్స్’ అని ఉంది కదా, ఒంటె కూడా నెమరు వేస్తుంది కదా అని వాడేసేవాళ్లను చూశాను. అలా చేయకూడదు. ఒంటె సీరం మీద ఆ కిట్‌ను సరిచూశారా లేదా అన్నదే మొదటి ప్రశ్న.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒంటెల్లో మెర్స్ ఒక్కటే కరోనావైరస్ కాదు. ఆవుల్లో దూడలకు విరేచనాలు తెచ్చే కరోనావైరస్‌కు దగ్గరి చుట్టం ఒకటి ఒంటెల్లో ఉంది. దుబాయ్ ఒంటెల్లో గుర్తించి 2014లో హెచ్‌కేయూ23 అని పేరు పెట్టారు. మనుషుల్లో మామూలు జలుబు తెచ్చే 229ఇకి బంధువైన ఇంకొకటి కూడా ఉంది. మొత్తం వైరస్‌ను రుబ్బి ప్లేటుకు పూసిన ఎలైసాలో వీటి యాంటీబాడీలు కూడా అతుక్కుని తప్పుడు పాజిటివ్ ఇవ్వగలవు. అందుకే మెర్స్‌కు స్పైక్ ప్రోటీన్‌లోని ఎస్1 భాగాన్ని మాత్రమే పూసిన ఎలైసా వాడతారు, అనుమానం ఉంటే న్యూట్రలైజేషన్ టెస్టుతో (సీరం వైరస్‌ను అడ్డుకుంటుందా అని చూసే పరీక్ష) ఖాయం చేస్తారు. బతికున్న వైరస్‌తో చేసే న్యూట్రలైజేషన్‌కు బీఎస్ఎల్-3 (ప్రమాదకర క్రిములకు కట్టుదిట్టమైన భద్రత ఉన్న) ల్యాబ్ కావాలి. అది లేనిచోట సూడో వైరస్‌తో (హాని చేయని నకిలీ వైరస్‌తో) చేస్తారు.

ల్యాబ్‌లో మనం ఎంత జాగ్రత్తపడినా ట్యూబులో వచ్చిందాన్ని బట్టే ఫలితం. నా అనుభవంలో పనికిరాని ఫలితాల్లో ఎక్కువ భాగం మెషీన్ దగ్గర పుట్టినవి కావు, మందలోనే పుట్టినవి. ఒంటె ముక్కు స్వాబ్ తీయడం చూస్తే మీకే తెలుస్తుంది. ఒంటెను కూర్చోబెట్టి ముందరి కాలు మడిచి మోకాలి దగ్గర తాడు కడతారు. ఒకరు తలతాడు పట్టుకుని మెడను ఒక పక్కకు తిప్పి ఉంచుతారు. ముక్కు రంధ్రాన్ని అది ఇసుక తుపానులో మూసుకున్నట్టు గట్టిగా మూసేస్తుంది. పొడవాటి స్వాబ్‌ను పైకి కాకుండా లోపలికి, ముక్కు అడుగు భాగం వెంట మెల్లగా తోసుకుంటూ వెళ్లి, లోపలి పొర తగిలిన చోట కొన్ని సెకన్లు ఉంచి తిప్పి తీయాలి. ఈలోపు అది గుడగుడమని అరిచి, నెమరు వేస్తున్న పచ్చటి మేతను ఎదురుగా ఉన్నవాళ్ల మీద కక్కుతుంది. ఎదురుగా ఉన్నది సాధారణంగా మీ బావగారి లాంటి పనివాడే. ఆ తొందరలో చాలామంది ముక్కు చివర కారుతున్న చీమిడిని తుడిచి ట్యూబులో పెట్టేస్తారు. ఆ స్వాబ్‌లో ఇసుక, ఎండిన చీమిడి, మేత పిప్పి ఉంటాయి. వైరస్ ఉండేది లోపలి పొర కణాల్లో. అందుకే మేము ప్రతి శాంపిల్‌లో ఒంటె సొంత జన్యువు ఒకదాన్ని కూడా వెతికేవాళ్లం. అది కూడా రాలేదంటే ఆ స్వాబ్‌లో ఒంటె కణాలే లేవన్నమాట. ఆ ‘నెగెటివ్’ను నెగెటివ్‌గా రాయకూడదు, ‘శాంపిల్ పనికిరాదు, మళ్లీ పంపండి’ అని రాయాలి.

స్వాబ్ పుల్ల ప్లాస్టిక్‌ది, కొన పాలిస్టర్‌ది ఉండాలి. చెక్కపుల్ల, కాల్షియం ఆల్జినేట్ కొన ఉన్నవి పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. తీయగానే వైరల్ ట్రాన్స్‌పోర్ట్ మీడియంలో (వైరస్ చెడకుండా ఉంచే ద్రవంలో) వేసి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి 72 గంటల్లో ల్యాబుకు చేర్చాలి. ఆలస్యమయ్యేటట్టుంటే మైనస్ 80లో పెట్టాలి. మామూలు ఇంటి ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టించి, దారిలో కరిగి, మళ్లీ గడ్డకట్టించడం అన్నింటికంటే చెడ్డది. ఎండాకాలం ఖసీంలో పికప్ బండి వెనక ఎంత వేడి ఉంటుందో అక్కడ పనిచేసిన వాళ్లకు తెలుసు. ఐస్‌ప్యాకులు లేని డబ్బాను బండిలో పెట్టి టీ తాగడానికి ఆగితే చాలు, ఆర్ఎన్ఏ చెడిపోవడం మొదలవుతుంది.

ఇప్పుడు ఆ పిల్లల మూతి పుండ్ల సంగతి. నన్నడిగితే మీ కాగితంలో నిజంగా పట్టించుకోవలసింది ఇదే, దాన్నే ఒక్క ముక్కలో ముగించేశారు.

మూతి మీద పొక్కులు కనిపిస్తే మూడు వైరస్‌లను అనుమానించాలి. ఒకటి ఒంటె మశూచి, అంటే కామెల్‌పాక్స్. రెండోది కంటేజియస్ ఎక్తైమా, మన గొర్రెల్లో వచ్చే మూతి పుండ్ల వైరస్ జాతికి చెందింది, రాజస్థాన్‌లో ఒంటెలు మేపే రైకాలు దీన్ని ముమ్డీ అంటారు. మూడోది పాపిల్లోమా, అంటే పులిపిర్లు. వీటికి తోడు గజ్జి, తామర, బాక్టీరియా పుండ్లు ఉండనే ఉన్నాయి. కామెల్‌పాక్స్‌లో ముందు జ్వరం వస్తుంది, గ్రంథులు వాస్తాయి, పొక్కులు పెదవులు, ముక్కు, కనురెప్పల దగ్గర మొదలై మెడకు, కాళ్లకు, పొదుగుకు పాకుతాయి, కొన్నిటికి ఒళ్లంతా వస్తాయి. ఎక్తైమా ఎక్కువగా మూతి చుట్టూనే ఉండి, మొహం వాస్తుంది. కానీ మొదటి వారంలో కేవలం మూతి చూసి ఇది ఫలానా అని చెప్పగల డాక్టర్ లేడు. రెండూ ఒకే పిల్లలో ఉండటమూ జరుగుతుంది.

తేడా ఎందుకు అంత ముఖ్యం? ఎక్తైమా ఎక్కువ పిల్లల్లో తగ్గిపోతుంది, మేత తినలేక చిక్కిపోవడం, పుండ్లకు చీము పట్టడం ప్రధాన సమస్య. కామెల్‌పాక్స్ అలా కాదు. పెద్ద ఒంటెల్లో 5 నుంచి 28 శాతం దాకా, పిల్లల్లో 25 శాతం నుంచి కొన్ని మందల్లో 100 శాతం దాకా చనిపోయినట్టు లెక్కలున్నాయి. దానికి టీకా ఉంది, దుబాయ్‌లో తయారైన లైవ్ టీకా చాలాకాలంగా వాడకంలో ఉంది. కామెల్‌పాక్స్ అని తేలితే మిగతా మందకు వెంటనే టీకా వేయించవచ్చు. ఎక్తైమాకు ఆ టీకా పనిచేయదు.

మశూచి వైరస్‌కు జన్యుపరంగా అతి దగ్గరి చుట్టాల్లో కామెల్‌పాక్స్ వైరస్ ఒకటి. ఈ మాట వినగానే కొందరు హడలిపోతారు. మనుషులకు ఇది అరుదుగానే సోకుతుంది, సోకినా ఇప్పటివరకు చేతుల మీద పొక్కుల వరకే ఎక్కువ. పీసీఆర్, సీరం పరీక్షలతో పక్కాగా రుజువైన మనుషుల కేసులు మన దేశంలోనే బయటపడ్డాయి. 2009లో రాజస్థాన్ వైపు ఒంటెల్లో కామెల్‌పాక్స్ వచ్చినప్పుడు వాటిని చూసుకునే ముగ్గురికి వేళ్ల మీద, చేతుల మీద పుండ్లు వచ్చాయి. కాబట్టి ‘పాక్స్ అనుమానం’ అని రాసి వదిలేయడం పనివాడికి అన్యాయం చేయడమే.

దీనికి కావలసిన శాంపిల్ చీమిడి కాదు, రక్తం కూడా కాదు. పుండు పైన ఉన్న పొక్కు చెక్కు, దాని కింది తడి కణజాలం కావాలి. పుండును స్పిరిట్‌తో కడగొద్దు, నార్మల్ సలైన్‌తో పైమట్టి తుడిస్తే చాలు. గ్లోవ్స్ వేసుకుని, కొత్త బ్లేడుతో లేదా పట్టకారుతో చెక్కు అంచు లేపి తీయాలి. పూర్తిగా ఎండి నల్లబడినదానికన్నా కొత్తగా నీరు పట్టిన పొక్కులో వైరస్ ఎక్కువ. ఒక పిల్లలో రెండు మూడు చోట్ల నుంచి తీసి, మరమూత ఉన్న పొడి ట్యూబులో వేయాలి. పీసీఆర్‌కు చెక్కు అలా పొడిగా వెళ్లినా ఇబ్బంది లేదు, ఈ వైరస్ ఎండిన చెక్కులో నెలల తరబడి నిలబడే రకం. అదే కారణంగా రాలిన చెక్కులు మందలో అంటువ్యాధిని పెంచుతాయి, వాటిని ఊడ్చి కాల్చేయాలి, పాత్రలను 1 శాతం హైపోక్లోరైట్‌తో (బ్లీచ్ ద్రవంతో) కడగాలి. చిన్న ముక్క ఒకటి ఫార్మలిన్‌లో వేరుగా పెడితే హిస్టోపాథాలజీకి (కణజాలాన్ని మైక్రోస్కోప్ కింద చూడటానికి) పనికొస్తుంది. కానీ అన్నీ ఫార్మలిన్‌లో వేయకండి, అందులో వేసిందాంట్లోంచి వైరస్‌ను పెంచడం కుదరదు. జ్వరం మొదలైన మొదటి వారంలో అయితే ఈడీటీఏ ట్యూబులో రక్తం కూడా తీయవచ్చు, అప్పుడు రక్తంలో వైరస్ తిరుగుతుంటుంది. హెపారిన్ ట్యూబు వద్దు, హెపారిన్ పీసీఆర్‌ను దెబ్బతీస్తుంది.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఉన్న ల్యాబుల్లో చెక్కును నూరి చూస్తే ఈ రెండింటి తేడా నిమిషాల్లో తెలిసిపోతుంది. కామెల్‌పాక్స్ ఇటుక ఆకారంలో, పైన బుడిపెలతో కనిపిస్తుంది. ఎక్తైమా వైరస్ కోలగా ఉండి, చుట్టూ దారం అడ్డదిడ్డంగా చుట్టినట్టు గీతలు ఉంటాయి. ఆ గీతలు మొదటిసారి తెర మీద స్పష్టంగా చూస్తే ఎవరూ మరిచిపోలేరు. కాకపోతే ఇటుక ఆకారం ఆర్థోపాక్స్ (మశూచి, ఎంపాక్స్, కామెల్‌పాక్స్ వైరస్‌లున్న) కుటుంబమంతటికీ ఒకటే, అందులో ఏదో చెప్పదు. పైగా చెక్కులో వైరస్ దండిగా ఉంటేనే కనిపిస్తుంది.

పీసీఆర్ ఇక్కడ తీర్పు చెబుతుంది. కామెల్‌పాక్స్‌కు ఏటీఐ అనే జన్యువు భాగాన్ని పెంచే పాత పద్ధతి ఇప్పటికీ చాలాచోట్ల వాడుతున్నారు. జెల్ మీద 881 బేస్‌పెయిర్ల (జన్యు ముక్క పొడవుకు కొలత) దగ్గర గీత వస్తే కామెల్‌పాక్స్. ఒకే కుటుంబంలోని మిగతా వైరస్‌లకు ఆ గీత వేరే పొడవులో పడుతుంది. ఎక్తైమా జాతికి బీ2ఎల్ జన్యువు చూస్తారు, 594 దగ్గర గీత వస్తుంది. రెండూ కలిపి ఒకేసారి చేయించమని అడగండి. ‘ఆర్థోపాక్స్ పాజిటివ్’ అని కుటుంబం పేరు వరకే చెప్పే రియల్‌టైమ్ కిట్‌లు ఉన్నాయి. వాటితో ఆగకూడదు. ఎంపాక్స్ భయం ఉన్న ఈ రోజుల్లో ఒంటెల కాపరి చేతి పుండులో ‘ఆర్థోపాక్స్ పాజిటివ్’ అని వస్తే ఆసుపత్రిలో అతని మీద వచ్చే అనుమానాలు వేరు, ఐసోలేషన్ వేరు. అది కామెల్‌పాక్స్ అని జాతి స్థాయిలో తేల్చి చెప్పడం ల్యాబు బాధ్యత.

వైరస్‌ను పెంచి చూడటం ఇప్పుడు రోజువారీ పని కాదు, అయినా ఒక మాట. కామెల్‌పాక్స్ వీరో కణాల్లో (ల్యాబులో పెంచే కోతి కిడ్నీ కణాలు) పెరుగుతుంది. కోడి పిండం గుడ్డు పొర మీద వేస్తే ఐదు రోజులకు బూడిదరంగు తెల్లటి మచ్చలు లేస్తాయి. ఎక్తైమా వైరస్‌కు అలా రావు. కిట్‌లూ మెషీన్లూ లేని కాలంలో ఈ గుడ్డు పొర చూసే తేడా చెప్పేవాళ్లు. కొత్త టీకా పరీక్షించాలన్నా, మొత్తం జన్యువు చదవాలన్నా ఇప్పటికీ వైరస్‌ను పెంచక తప్పదు.

ఇంకొన్ని వైరస్‌ల గురించి తొందరగా చెప్పేస్తాను. మందలో వరసగా గర్భస్రావాలు అవుతుంటే రిఫ్ట్ వ్యాలీ ఫీవర్‌ను తలచుకోవాలి. ఆఫ్రికా బయట అది మొదటిసారి కనిపించింది 2000లో, సౌదీ జజాన్ ప్రాంతంలో, పక్కనే యెమెన్‌లో. 2010లో మౌరిటానియాలో ఒంటెల మీదే తీవ్రంగా పడింది. దోమల ద్వారా వ్యాపించినా, పడిపోయిన పిండాన్ని ఉత్త చేతులతో ఎత్తినవాళ్లకు నేరుగా సోకుతుంది. పిండం కాలేయం, ప్లీహం ముక్కలకు పీసీఆర్, తల్లి సీరంలో ఐజీఎం ఎలైసా చేయిస్తారు. ఐజీఎం ఉంటే ఇన్‌ఫెక్షన్ ఈమధ్యదే అని అర్థం. మనం పారుడు రోగం అనే పీపీఆర్ ఆఫ్రికాలో ఒంటెల్లో కూడా కనిపించింది, సూడాన్‌లో 2004లో వచ్చింది. గాలికుంటుకు మాత్రం ఒంటి మూపురం ఒంటె దాదాపు లొంగదు, ఆవుల మధ్య తిరిగినా సరే. రేబిస్‌కు బతికున్న ఒంటె రక్తం పరీక్షించి ప్రయోజనం లేదు. చనిపోయాక మెదడులో ఫ్లోరసెంట్ యాంటీబాడీ టెస్టే చేయాలి. మేత గొంతులో ఇరుక్కుందేమో అని నోట్లో చెయ్యి పెట్టడం కాపరులకు అలవాటు. చొంగ కారుస్తూ, కనపడినవాటిని కొరుకుతున్న ఒంటె నోట్లో చెయ్యి పెట్టొద్దని మీ బావగారికి గట్టిగా చెప్పండి. ఇక జ్వరం, గర్భస్రావం, చిక్కిపోవడం కనిపించినప్పుడల్లా వైరస్ కోసమే వెతక్కుండా సర్రాకు (రక్తంలోని పరాన్నజీవి తెచ్చే జబ్బు) ఒక రక్తపు చుక్క మైక్రోస్కోప్ కింద చూడమనండి. దానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, మందు ఉన్న జబ్బు అది.

శాంపిల్‌తో పాటు వెళ్లే ఫారం గురించి ఎవరూ మాట్లాడరు. నాకు దాని మీద గట్టి అభిప్రాయం ఉంది. ఒంటె వయసు, జ్వరం ఎప్పుడు మొదలైంది, శాంపిల్ ఏ రోజు తీశారు, ఏ పుండు నుంచి తీశారు, మందలోకి కొత్త ఒంటెలు ఎప్పుడు వచ్చాయి, ఏ టీకా ఎప్పుడు వేశారు, ఈ ఆరు లేకుండా వచ్చిన శాంపిల్‌కు మంచి వ్యాఖ్యానం రాయడం ఎవరి వల్లా కాదు. పాక్స్ లైవ్ టీకా ఈమధ్యే వేసి ఉంటే పీసీఆర్‌లో టీకా వైరసే పలకవచ్చు. బురైదా లాంటి పెద్ద సంత నుంచి కొన్న పిల్లలు ఈమధ్యే మందలో కలిస్తే అనుమానం ఎక్కడి నుంచి మొదలవ్వాలో వెంటనే తెలుస్తుంది. ప్యాకింగ్ మూడు పొరల్లో ఉండాలి. కారని ట్యూబు, దాని చుట్టూ పీల్చే దూది వేసిన రెండో డబ్బా, పైన గట్టి పెట్టె. ఫారం ట్యూబుతో కాకుండా బయటి పొరలో పెట్టాలి, లేకపోతే తడిసి అక్షరాలు చెరిగిపోతాయి.

ఇప్పుడు మీ బావగారి గురించి. మెర్స్ మనుషుల్లో తమాషా జబ్బు కాదు. 2012 నుంచి ప్రపంచంలో 2,600కు పైగా కేసులు నమోదైతే వాళ్లలో మూడో వంతుకు పైగా చనిపోయారు, ఎక్కువ కేసులు సౌదీలోవే. తేలిగ్గా వచ్చిపోయిన కేసులు లెక్కలోకి రావు కాబట్టి అసలు ప్రమాదం ఆ అంకె చెప్పినంత ఉండదు. షుగర్, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం నిజంగా గండమే. మీ బావగారికి షుగర్ ఉందా అన్నది నాకు ఒంటెల రిపోర్టు కంటే ముఖ్యం. ఉంటే ముక్కు కారుతున్న పిల్లలను వేరొకరు చూసుకునేలా కఫీల్‌తో (అక్కడి స్పాన్సర్ యజమానితో) మాట్లాడమనండి. లేకపోయినా పిల్లల దగ్గర పనిచేసేటప్పుడు మాస్క్, గ్లోవ్స్, పని అయ్యాక సబ్బుతో చేతులు, బట్టలు వేరుగా ఉతకడం తప్పనిసరి. పచ్చి ఒంటెపాలు తాగొద్దు. అక్కడ పాలు పిండి నురగతో అలాగే చేతికిస్తారు, వద్దంటే మర్యాద కాదనుకుంటారు. అయినా కాచి తాగమనండి. 63 డిగ్రీల వద్ద అరగంట ఉంచితే ఈ వైరస్ చచ్చిపోతుంది, మన ఇళ్లలో పొంగు వచ్చేదాకా కాచేది అంతకన్నా ఎక్కువే. మందుగా ఒంటె మూత్రం తాగమని ఎవరైనా చెబితే ససేమిరా వద్దనండి.

చేతి మీద పొక్కు వస్తే గిల్లకుండా కప్పి డాక్టర్‌కు చూపించి, ‘ఒంటెల్లో పాక్స్ అనుమానం ఉంది’ అని నోటితో చెప్పాలి. జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే అదే పద్ధతి. సెలవు మీద జగిత్యాలకో హైదరాబాద్‌కో వచ్చిన తర్వాత 14 రోజుల లోపు ఇవి మొదలైతే, ఆసుపత్రిలో మొట్టమొదటి మాటగా ‘సౌదీలో ఒంటెల దగ్గర పనిచేస్తాను’ అని చెప్పాలి. దక్షిణ కొరియాలో 2015లో గల్ఫ్ నుంచి వచ్చిన ఒక్క ప్రయాణికుడితో మొదలై 186 మందికి పాకింది, అదీ ఎక్కువగా ఆసుపత్రుల్లోనే. మనుషుల్లో మెర్స్‌కు గొంతు స్వాబ్ ఒక్కటే చాలదు. లోపలి నుంచి వచ్చిన కఫంలో వైరస్ ఎక్కువ దొరుకుతుంది కాబట్టి కఫం తీసుకోమని అడగాలి. ఉమ్రాకు వెళ్లి ఒంటెల ఫారాలు చూసొచ్చే మనవాళ్లకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

ఈ రంగంలోకి రావాలని ఉందని చివర్లో రాశారు. రండి, మనుషులు చాలా తక్కువ. మన దేశంలో ఒంటెల కోసమే బికనేర్‌లో 1984 నుంచి జాతీయ పరిశోధన కేంద్రం ఉంది. హిసార్‌లోని పశు వైరస్‌ల ల్యాబుల్లో కామెల్‌పాక్స్ మీద మంచి పని జరిగింది. 2019 పశుగణనలో దేశంలో ఒంటెలు రెండున్నర లక్షలే మిగిలాయి, 2012తో పోలిస్తే 37 శాతం తగ్గాయి. మిగిలినవాటిలో ఒక్కొక్క పిల్ల చనిపోవడం కూడా రైకా కుటుంబాలకు పెద్ద దెబ్బ. పీజీ వైరాలజీలో చేరి, ఒక వేసవి బికనేర్‌లో శాంపిళ్లు తీయడం నేర్చుకోండి. పీసీఆర్ మెషీన్ ఎక్కడైనా నేర్చుకోవచ్చు. ఒంటె ముక్కులో స్వాబ్ పెట్టడం మాత్రం ఒంటె దగ్గరే నేర్చుకోవాలి.

ప్రస్తుతానికి మీరు చేయాల్సింది ఇది. ఆ డాక్టర్‌ను మళ్లీ పిలిపించి, పుండ్లున్న పిల్లల చెక్కులకు ఆర్థోపాక్స్, పారాపాక్స్ (ఎక్తైమా వైరస్ కుటుంబం) పీసీఆర్ రెండూ, రెండేళ్లలోపు పిల్లలన్నింటికీ లోపలి ముక్కు స్వాబ్‌తో మెర్స్ పీసీఆర్ చేయించమని బావగారితో చెప్పించండి. ఫలితం వచ్చేదాకా పుండ్లున్న పిల్లలను వేరే కొట్టంలో ఉంచి, వాటి నీళ్ల తొట్టి కూడా వేరు చేయమనండి. కొత్త రిపోర్టు వచ్చాక సీటీ విలువలు, శాంపిల్ తీసిన తేదీ, పిల్లల వయసులు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.